ఎర్ర గుర్తు మీద నమ్మకం: పలు ఆర్కిటెక్చర్ల టెస్టింగ్‌లో నా అనుభవం

మనం రాసే ప్రోగ్రాములలో అధిక భాగం ఎక్స్86 ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ మీదే తయారై, అక్కడే టెస్టులన్నీ దాటి విడుదలవుతాయి. అదే కోడ్‌ను లినక్స్ పంపిణీలు వేరే ప్రాసెసర్ రకాల (ఆర్కిటెక్చర్ల) మీద, అంటే ఆర్మ్ మీద, పవర్ మీద, రిస్క్-ఫైవ్ మీద, ఐబీఎం మెయిన్‌ఫ్రేముల్లో ఉండే ఎస్390ఎక్స్ మీద కూడా బిల్డు చేసి వినియోగదారులకు అందిస్తాయి. కోడ్ రాసినవారు ఎన్నడూ చూడని యంత్రం మీద ఆ కోడ్ సరిగ్గా నడుస్తోందో లేదో ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్న ప్రశ్న చుట్టూనే కొన్నేళ్లుగా నా ఓపెన్ సోర్స్ పని సాగుతోంది. సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో రాసిన ఒక డేటా నిల్వ లైబ్రరీకి పలు ఆర్కిటెక్చర్ల బిల్డు, టెస్టింగ్ వ్యవస్థను ఏర్పాటు చేసే క్రమంలో నేను చూసినవి, నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

ఈ పనికి మూలం డెబియన్ బిల్డు లాగ్. లినక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్‌లో ఒక ప్యాకేజీ కొత్త వెర్షన్ చేరగానే, ఒక్కో ఆర్కిటెక్చర్‌కు కేటాయించిన బిల్డు యంత్రాలు దాన్ని విడివిడిగా కంపైల్ చేస్తాయి. ప్యాకేజీతో పాటు వచ్చే టెస్టులను కూడా సాధారణంగా అప్పుడే నడుపుతాయి. ఆ లాగ్‌లను ఎవరైనా చదవవచ్చు. మా లైబ్రరీ టెస్టులు ఎస్390ఎక్స్ మీద విఫలమవుతున్నాయని ఒక బగ్ రిపోర్టు చాలాకాలంగా తెరిచి ఉంది. ‘మా దగ్గర ఆ యంత్రం లేదు, ఎవరైనా ప్యాచ్ (కోడ్ సవరణ) పంపితే చూస్తాం’ అని లైబ్రరీని నిర్వహించే మెయింటైనర్లు జవాబిచ్చారు, ఆ తర్వాత చర్చ ముందుకు సాగలేదు. ఆ జవాబులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. తీరిక వేళల్లో పని చేసే స్వచ్ఛంద కార్యకర్తలు మెయిన్‌ఫ్రేమ్ కొని తెచ్చుకోలేరు కదా. నేను ఉద్యోగంలో ఈ లైబ్రరీని రోజూ వాడుతున్నాను, ఫైలు చదివే భాగం నాకు బాగా పరిచయం, అందుకని ఆ రిపోర్టును నేను తీసుకున్నాను.

కారణం ఏమిటో లాగ్ కొంత చూసేసరికే అర్థమైంది. మా ఫైలు మొదట్లో ఒక చిన్న హెడర్ ఉంటుంది, అందులో రికార్డుల సంఖ్య నాలుగు బైట్లలో ఉంటుంది. ఎక్స్86 లిటిల్ ఎండియన్ కాబట్టి 5 అనే సంఖ్యను 05 00 00 00 అని, అంటే తక్కువ విలువ గల బైటును ముందు పెట్టి నిల్వ చేస్తుంది. ఎస్390ఎక్స్ బిగ్ ఎండియన్ కాబట్టి మొదటి బైటునే అత్యధిక విలువ గలదిగా తీసుకుంటుంది. మా కోడ్ ఆ నాలుగు బైట్లను, ఉన్న వరుసలోనే కాపీ చేసే మెమ్‌కాపీ ఫంక్షన్‌తో నేరుగా ఒక ఇంటిజర్‌లోకి దించుకుంటోంది. దాంతో 5 రికార్డుల ఫైలు ఎస్390ఎక్స్ మీద 8,38,86,080 రికార్డుల ఫైలుగా కనిపించింది. లైబ్రరీ అన్ని రికార్డులకూ చోటు కేటాయించబోయి, మెమరీ చాలక ఆగిపోయింది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి మరొకటి ఉంది. ఫైలు రాసి, మళ్లీ చదివి, రెండూ సరిపోయాయా అని చూసే టెస్టులు మా దగ్గర చాలా ఉన్నాయి. అవన్నీ ఎస్390ఎక్స్ మీద కూడా ఉత్తీర్ణమయ్యాయి. ఎందుకంటే రాసింది, చదివింది ఒకే యంత్రం, రెండు వైపులా ఒకే విధంగా తలకిందులైతే తేడా బయటపడదు. విఫలమైనవి కొన్నే, అవి ఎక్స్86 మీద తయారుచేసి రిపాజిటరీలో భద్రపరిచిన నమూనా ఫైళ్లను చదివే టెస్టులు. ఆ నమూనా ఫైళ్లే లేకపోయి ఉంటే, ఒక ఆర్కిటెక్చర్ మీద రాసిన డేటాను మరో ఆర్కిటెక్చర్ చదవలేదన్న నిజం ఏ వినియోగదారుడి డేటా పాడయ్యాకనో తెలిసేది. అప్పటి నుంచి ఫైలు ఫార్మాట్ గానీ నెట్‌వర్క్ ప్రోటోకాల్ గానీ ఉన్న ప్రాజెక్టు ఏది చూసినా, స్థిరంగా భద్రపరిచిన నమూనాలు ఉన్నాయా అన్నదే నేను ముందు చూస్తాను.

యంత్రం లేకుండా వైఫల్యాన్ని మళ్లీ రప్పించడానికి క్యూఎమ్యూ ఉపయోగపడింది. ఒక ప్రాసెసర్‌ను మరోదాని మీద అనుకరించే ఈ ఎమ్యులేటర్‌ను ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో ప్రారంభించారు, దీనికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది మొత్తం యంత్రాన్నే అనుకరించి, దానిలో వేరే కెర్నెల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగాన్ని) బూట్ చేసేది. రెండోది యూజర్ మోడ్. ఇది ఒక్క ప్రోగ్రాములోని ఆదేశాలను మాత్రమే అనువదిస్తూ, సిస్టమ్ కాల్స్‌ను (ప్రోగ్రాము కెర్నెల్‌ను అడిగే పనులను) మన లినక్స్ కెర్నెల్‌కే అప్పగిస్తుంది. లినక్స్ కెర్నెల్‌లోని బిన్‌ఎఫ్‌ఎంటీ-మిస్క్ సదుపాయంతో దీన్ని నమోదు చేస్తే, ఎస్390ఎక్స్ కోసం కంపైల్ అయిన ప్రోగ్రామును మామూలు ప్రోగ్రాములాగే పేరు పెట్టి నడపవచ్చు. కెర్నెల్ 4.8తో వచ్చిన ‘ఎఫ్’ ఫ్లాగ్ వల్ల ఎమ్యులేటర్ ఫైలును నమోదు సమయంలోనే తెరిచి ఉంచుకోవడం కుదిరింది కాబట్టి, దాన్ని కంటైనర్ (మిగతా వ్యవస్థ నుంచి విడిగా ఉంచిన పరిసరం) లోపలికి కాపీ చేయవలసిన పని కూడా తప్పింది. ఈ ఏర్పాటుతో డెబియన్ లాగ్‌లో ఉన్న వైఫల్యం నా ల్యాప్‌టాప్ మీద ఉన్నదున్నట్టుగా కనిపించింది.

ప్యాచ్‌లో బైట్లను ఒక్కొక్కటిగా చదివి, షిఫ్ట్ చేసి కలిపే చిన్న ఫంక్షన్లు రాసి, హెడర్ చదివే చోట్లన్నీ వాటిని వాడేలా మార్చాను. దీనివల్ల ఎక్స్86 మీద వేగం తగ్గుతుందేమోనని సమీక్షలో ఒక మెయింటైనర్ సందేహించారు. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు రెండూ ఈ తరహా కోడ్‌ను గుర్తించి ఒకే లోడ్ ఆదేశంగా మారుస్తాయి. మాటల్లో వాదించకుండా, మార్పుకు ముందూ తర్వాతా కంపైలర్ ఇచ్చిన అసెంబ్లీని (ప్రాసెసర్ ఆదేశాల వరుసను) పక్కపక్కన పెట్టి చూపించాను. ప్యాచ్ చేరింది. అయితే టెస్టింగ్ వ్యవస్థ లేకపోతే ఇదే తరహా కోడ్ మరో చోట మళ్లీ వచ్చి చేరుతుందని అందరికీ తెలుసు. అసలు పని అక్కడ మొదలైంది.

నేను ముందుగా చేసిన ఏర్పాటులో ఎస్390ఎక్స్ కంటైనర్‌లో కంపైలర్‌తో సహా అన్నీ ఎమ్యులేషన్ కిందే నడిచేవి. అది అమర్చడానికి సులువే గానీ, కంపైలర్ లాంటి భారీ ప్రోగ్రామును ఎమ్యులేటర్ కింద నడిపితే సమయం అనేక రెట్లు పెరుగుతుంది. ప్యాచ్ పంపినవారు ఫలితం కోసం అంతసేపు ఎదురుచూడరు. అందుచేత కంపైల్ చేయడాన్ని, ఒక యంత్రం మీద నడుస్తూ మరో ఆర్కిటెక్చర్‌కు ప్రోగ్రాము తయారుచేసే క్రాస్ కంపైలర్‌తో ఎక్స్86 మీద నేరుగా చేయించి, తయారైన టెస్టు ప్రోగ్రాములను మాత్రమే క్యూఎమ్యూ కింద నడిపేలా మార్చాను. డెబియన్‌లో ఈ క్రాస్ కంపైలర్లు సిద్ధంగా ప్యాకేజీలుగా దొరుకుతాయి. టెస్టులను ఏ ఎమ్యులేటర్‌తో నడపాలో సీమేక్, మెసన్ అనే బిల్డు సాధనాలకు ఒక్క అమరికతో చెప్పవచ్చు. సమయం బాగా తగ్గింది.

క్రాస్ కంపైల్‌కు మారగానే బిల్డు స్క్రిప్టులో ఇంతకాలం దాగి ఉన్న అంచనాలు బయటపడ్డాయి. మా కాన్ఫిగర్ దశ కొన్ని విషయాలను తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రోగ్రామును కంపైల్ చేసి, నడిపి, అది ఇచ్చిన జవాబును వాడుకునేది. క్రాస్ కంపైల్‌లో తయారైన ప్రోగ్రామును ఎమ్యులేటర్ లేకుండా ఎక్స్86 మీద నేరుగా నడపలేం కాబట్టి, ఆ చోట స్క్రిప్టు మౌనంగా ఎక్స్86కు సరిపోయే డిఫాల్ట్ విలువను తీసుకునేది. హెచ్చరిక లేదు, బిల్డు ఆగదు, కానీ ఫలితం తప్పు. వీటిలో చాలావాటిని కంపైల్ సమయంలోనే తేల్చుకునే విధంగా మార్చాను. బైటు క్రమం, టైపుల పరిమాణం వంటివి కంపైలర్ ముందే నిర్వచించే మాక్రోల నుంచి లేదా స్టాటిక్ అసర్ట్‌ల (కంపైల్ సమయంలోనే జరిగే తనిఖీల) నుంచి తెలుస్తాయి. అలా తేల్చలేని కొద్దిపాటి వాటికి జవాబు ఇవ్వకపోతే బిల్డు స్పష్టమైన సందేశంతో ఆగిపోయేలా చేశాను. మౌనంగా ఊహించే బిల్డు స్క్రిప్టు కంటే ఆగిపోయేది మేలని నా గట్టి నమ్మకం.

అన్ని తేడాలకూ ఎమ్యులేటర్ అవసరం లేదని కూడా ఈ దశలోనే గ్రహించాను. సీ భాషలో ఒక్క బైటు విలువను దాచే చార్ టైపు రుణ విలువలు తీసుకుంటుందా లేదా అన్నది ఆర్కిటెక్చర్‌ను బట్టి మారుతుంది. లినక్స్‌లో ఎక్స్86 మీద అది సైన్డ్ (రుణ విలువలు తీసుకుంటుంది); ఆర్మ్, పవర్, ఎస్390ఎక్స్, రిస్క్-ఫైవ్ మీద అన్‌సైన్డ్ (తీసుకోదు). ఫైలును చదివి విడదీసే మా పార్సర్‌లో ఒక చోట ఫైలు ముగింపును సూచించే -1ని చార్‌లో దాచి, తర్వాత -1తో పోల్చేవారు. ఆర్మ్ మీద ఆ విలువ 255 అయిపోతుంది, పోలిక ఎన్నడూ నిజం కాదు, లూప్ ఆగదు. దీన్ని పట్టుకోవడానికి ఎక్స్86 మీదే చార్‌ను అన్‌సైన్డ్‌గా పరిగణించమనే కంపైలర్ ఫ్లాగ్‌తో ఒక బిల్డు నడిపితే చాలు, మామూలు వేగంతోనే తెలిసిపోతుంది. 32 బిట్ల సమస్యలలో చాలావాటిని కూడా అదే యంత్రం మీద 32 బిట్ల బిల్డు చేసి పట్టుకోవచ్చు. ఖర్చులేని ఈ రెండు బిల్డులను ఏ ప్రాజెక్టుకైనా నేను ముందుగా సూచిస్తాను.

ఇక ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగానికి వస్తాను. వ్యవస్థ నడవడం మొదలయ్యాక, కోడ్‌తో సంబంధం లేకుండా అప్పుడప్పుడూ టెస్టు విఫలమైందని చెప్పే ఎర్ర గుర్తు రావడం మొదలైంది. ఒక టెస్టు ఫలానా పని ఇంత సమయంలో ముగియాలని ఆశిస్తుంది, ఎమ్యులేటర్ కింద ఆ గడువు దాటుతుంది. మెమరీ లీకులను వెతికే లీక్ శానిటైజర్, ఒక ప్రోగ్రాము మరోదాన్ని పరిశీలించడానికి వాడే పీట్రేస్ అనే సిస్టమ్ కాల్ మీద ఆధారపడుతుంది, క్యూఎమ్యూ యూజర్ మోడ్‌లో పీట్రేస్ లేదు, కాబట్టి టెస్టు అంతా సవ్యంగా జరిగినా చివర్లో విఫలమైనట్టు నమోదవుతుంది. ఇలాంటివి నాలుగుసార్లు కనబడితే ప్యాచ్ పంపేవారు ‘ఎస్390ఎక్స్ ఎర్రగానే ఉంటుందిలే’ అనుకుని లాగ్ తెరవడం మానేస్తారు. అలా మానేశాక నిజమైన బగ్ వచ్చినా అదే ఎర్ర గుర్తు కింద దాగిపోతుంది. వైఫల్యాన్ని లెక్కలోకి తీసుకోవద్దనే అమరిక పెడదామని కొందరు సూచించారు. నేను ఒప్పుకోలేదు. విఫలమైనా ఫర్వాలేదని ముద్ర వేసిన పరీక్షను ఎవరూ చదవరు, ఎవరూ చదవని పరీక్షకు విద్యుత్తు ఖర్చు చేయడం దండగ.

అందుకని ప్రతి అస్థిరమైన టెస్టునూ ఒక బగ్‌గానే చూశాను. సమయం మీద ఆధారపడే వాటికి గడువును ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చేర్చాను. వాటిలో కొన్నింటికి అసలు గడువే అక్కరలేదని చదివాక తేలింది. ‘కాసేపు ఆగి చూడు’ అనే చోట, పని ముగియగానే సంకేతం ఇచ్చే కండిషన్ వేరియబుల్ పెడితే సరిపోయింది, దాంతో ఎక్స్86 మీద కూడా అవి స్థిరపడ్డాయి. ఎమ్యులేటర్ కింద లీకుల పరిశీలనను ఆపి, ఆ పనిని ఎక్స్86 బిల్డుకే వదిలేశాను. ఎమ్యులేటర్ పరిమితి వల్ల వదిలేసిన ప్రతి టెస్టుకూ కారణం అదే వరుసలో రాయాలన్న నియమం పెట్టుకున్నాం. కారణం రాయకుండా వదిలేసే టెస్టులను సమీక్షలో ఆమోదించం.

మరో నియమం, వైఫల్యం వచ్చినచోటే దాన్ని మళ్లీ రప్పించే ఆదేశం లాగ్ చివర కనిపించాలి. ప్యాచ్ పంపిన వ్యక్తికి ఎస్390ఎక్స్ అంటే ఏమిటో తెలియకపోయినా, ఆ ఒక్క వరుసను తన కంప్యూటర్‌లో కాపీ చేసి నడిపితే కంటైనర్, క్రాస్ కంపైలర్, ఎమ్యులేటర్ అన్నీ సిద్ధమై అదే టెస్టు అదే విధంగా విఫలమవ్వాలి. దీనికోసం కంటైనర్లలోని ప్యాకేజీల వెర్షన్లను స్థిరపరిచి, బిల్డు స్క్రిప్టులను టెస్టింగ్ సర్వీసు అమరికల నుంచి విడదీసి రిపాజిటరీలోనే ఉంచాను. పైకి చిన్నదిగా కనిపించే ఈ మార్పు వచ్చాకే, ఎండియన్ సమస్యలను నన్ను పిలవకుండానే ప్యాచ్ పంపినవారు పరిష్కరించుకోవడం చూశాను.

ఎమ్యులేటర్ చూపించలేనివి కూడా ఉన్నాయి. మా లైబ్రరీలో లాక్ లేకుండా రెండు థ్రెడ్ల (ఒకే ప్రోగ్రాములో ఏకకాలంలో నడిచే పనుల) మధ్య డేటా అందించే ఒక క్యూ ఉంది. ఒక థ్రెడ్ డేటా రాసి, ఆ తర్వాత ‘సిద్ధం’ అనే ఫ్లాగ్‌ను పెడుతుంది. రెండో థ్రెడ్ ఫ్లాగ్ చూసి డేటా చదువుతుంది. ఫ్లాగ్‌ను వొలటైల్‌గా (ప్రతిసారీ మెమరీ నుంచే చదవాలని, మెమరీలోకే రాయాలని కంపైలర్‌కు చెప్పే గుర్తుతో) ప్రకటించారు, అంతకుమించి రక్షణ లేదు. ఎక్స్86లో ఒక కోర్ చేసిన రాతలు ఇతర కోర్లకు అదే వరుసలో కనబడతాయని ప్రాసెసర్ హామీ ఇస్తుంది, కాబట్టి ఈ కోడ్ ఏళ్ల తరబడి నడిచింది. ఆర్మ్, పవర్ ప్రాసెసర్లు ఆ హామీ ఇవ్వవు. అక్కడ రెండో థ్రెడ్‌కు ఫ్లాగ్ కొత్త విలువతో, డేటా పాత విలువతో కనబడవచ్చు. అయితే ఆర్మ్ ప్రోగ్రామును ఎక్స్86 మీద క్యూఎమ్యూతో నడిపినప్పుడు, మామూలు రాతలన్నీ చివరికి ఎక్స్86 రాతలుగానే మారతాయి. అంటే ఆర్మ్‌కు లేని క్రమశిక్షణను ఆతిథ్య యంత్రం ఉచితంగా ఇచ్చేస్తుంది. ఎన్నిసార్లు నడిపినా టెస్టు ఉత్తీర్ణమవుతూనే ఉంటుంది.

ఈ బగ్ నిజమైన ఆర్మ్ సర్వర్ మీద, అది కూడా అరుదుగా మాత్రమే కనిపించింది. డేటా మారలేదని సరిచూసే చెక్‌సమ్ సరిపోలేదన్న సందేశం వచ్చేది, మళ్లీ నడిపితే మాయమయ్యేది. ఆ ఒక్క టెస్టును అన్ని కోర్ల మీద ఆపకుండా తిప్పినప్పుడు తరచుగా రావడం మొదలైంది. తర్వాత ప్రోగ్రామును ప్రాసెసర్ ఆదేశాలుగా చూపే డిస్‌అసెంబ్లీ చూస్తే డేటా రాత, ఫ్లాగ్ రాత రెండూ సాధారణ స్టోర్ ఆదేశాలే, మధ్యలో ఏ బంధనమూ లేదు. వొలటైల్ అనేది కంపైలర్‌ను కట్టడి చేస్తుందే తప్ప ప్రాసెసర్‌ను కాదు. ఫ్లాగ్‌ను అటామిక్‌గా మార్చి, ఫ్లాగ్ కనబడితే దానికి ముందు రాసిన డేటా కూడా తప్పక కనబడేలా, రాసేటప్పుడు రిలీజ్, చదివేటప్పుడు అక్వైర్ క్రమాన్ని అడిగాను. ఆర్మ్ 64 బిట్ల మీద కంపైలర్ వాటికి ప్రత్యేకమైన స్టోర్-రిలీజ్, లోడ్-అక్వైర్ ఆదేశాలను ఇచ్చింది, వైఫల్యం ఆగింది. ఎక్స్86 మీద ఈ రెండూ మామూలు రాత, మామూలు చదువుగానే మిగులుతాయి కాబట్టి అక్కడ ఎవరికీ నష్టం లేదు. థ్రెడ్ల మధ్య ఇలాంటి పోటీలను ఎక్స్86 మీద కూడా వెతకగల థ్రెడ్ శానిటైజర్‌ను ఆ తర్వాత అక్కడి బిల్డులలో చేర్చాం.

పేజీ పరిమాణం కథ కూడా ఇటువంటిదే. ఎక్స్86 లినక్స్‌లో మెమరీ పేజీ 4 కిలోబైట్లు. పవర్ మీద నడిచే చాలా పంపిణీలు 64 కిలోబైట్ల పేజీలు వాడతాయి, ఆర్మ్ 64 బిట్ల కెర్నెల్‌ను 4, 16, 64 కిలోబైట్లలో ఏ పరిమాణంతోనైనా బిల్డు చేయవచ్చు. ఫైలులో ఒక భాగాన్ని మెమరీలోకి మ్యాప్ చేసేటప్పుడు మొదలుపెట్టే స్థానం పేజీ పరిమాణానికి గుణిజం కావాలి. మా కోడ్‌లో 4096 అని నేరుగా రాసి ఉన్న చోట్ల 64 కిలోబైట్ల కెర్నెల్ ఆ విన్నపాన్ని తిరస్కరించింది. యూజర్ మోడ్ ఎమ్యులేషన్‌లో కెర్నెల్ మనదే కాబట్టి ఇది బయటపడలేదు. నడుస్తున్నప్పుడు పేజీ పరిమాణాన్ని సిస్‌కాన్ఫ్ అనే ఫంక్షన్‌ను అడిగి తెలుసుకునేలా మార్చడం తేలికైన పనే.

నిజమైన యంత్రాలు ఎలా దొరికాయని చాలామంది అడుగుతుంటారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ డెవలపర్లకు జీసీసీ కంపైల్ ఫార్మ్ పలు ఆర్కిటెక్చర్ల యంత్రాలలో ఖాతాలు ఇస్తుంది. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ ఓపెన్ సోర్స్ ల్యాబ్ పవర్, ఆర్మ్ యంత్రాలను ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు అందిస్తుంది. ఐబీఎం లినక్స్‌వన్ కమ్యూనిటీ క్లౌడ్‌లో ఎస్390ఎక్స్ వర్చువల్ యంత్రం పొందవచ్చు. 2025 నుంచి గిట్‌హబ్ కూడా పబ్లిక్ రిపాజిటరీలకు ఆర్మ్ 64 బిట్ల లినక్స్ యంత్రాలను ఉచితంగా ఇస్తోంది. దరఖాస్తులో ప్రాజెక్టు ఏమిటి, ఏ పనికి కావాలి అన్నది స్పష్టంగా రాయడమే ముఖ్యం. ఇవి నలుగురూ పంచుకునే యంత్రాలు కనుక భారీ పనులను తక్కువ ప్రాధాన్యంతో నడపడం కనీస మర్యాద.

ప్యాచ్‌లకన్నా ఎక్కువ చర్చ జరిగింది బాధ్యత గురించి. ‘మీరు ఇవన్నీ పెట్టి వెళ్లిపోతే, ఆరు నెలల తర్వాత ఎర్రగా మారినప్పుడు ఎవరు చూస్తారు?’ అని ప్రధాన మెయింటైనర్ సూటిగా అడిగారు. అది అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబుగా ఒక పద్ధతికి వచ్చాం. ప్రతి ప్యాచ్‌కూ తప్పనిసరిగా నడిచేవి ఎక్స్86, నిజమైన ఆర్మ్ యంత్రం, ఎమ్యులేటర్ కింద ఎస్390ఎక్స్. బైటు క్రమం, చార్ గుర్తు, మెమరీ క్రమం అనే మూడు పెద్ద తేడాలనూ ఈ మూడే కలిపి పట్టుకుంటాయి. మిగిలినవి రాత్రిపూట నడుస్తాయి, విఫలమైతే ఏ కమిట్ల (చేరిన కోడ్ మార్పుల) మధ్య వచ్చిందో రాస్తూ ఒక ఇష్యూ (సమస్య నమోదు) తానంతట తానే తెరుచుకుంటుంది. ఒక్కో ఆర్కిటెక్చర్‌కు బాధ్యత తీసుకున్నవారి పేరు ఒక ఫైలులో ఉంటుంది. పేరు లేని ఆర్కిటెక్చర్‌ను తొలగించే హక్కు మెయింటైనర్లది. ఎస్390ఎక్స్, పవర్ పక్కన నా పేరు రాసుకున్నాను.

ఈ పద్ధతి 2024లో బాగా అక్కరకు వచ్చింది. 2038 జనవరి 19తో 32 బిట్ల కాలమాన విలువలు నిండిపోతాయి కాబట్టి, ఆ సంవత్సరం డెబియన్ 32 బిట్ల ఆర్మ్ మీద సమయాన్ని దాచే టైమ్-టీ టైపును 64 బిట్లకు మార్చింది. అక్కడ లాంగ్ అనే పూర్ణాంక టైపు మాత్రం ఇప్పటికీ 32 బిట్లే. సమయాన్ని లాంగ్‌గా భావించి ముద్రించే వరుసలు మా దగ్గర ఉన్నాయి. రాత్రి బిల్డు వాటిని కంపైలర్ హెచ్చరికలుగా చూపించింది, హెచ్చరికలను తప్పులుగా పరిగణించే అమరిక ఉండటంతో ఇష్యూ తెరుచుకుంది. ప్యాకేజీ చూసే డెబియన్ సభ్యులు మమ్మల్ని సంప్రదించేలోపే సరిచేసిన వెర్షన్ సిద్ధంగా ఉంది. పాత లాగ్‌లోని ఎస్390ఎక్స్ రిపోర్టు ఎంతకాలం అలాగే పడి ఉందో గుర్తున్న నాకు ఇది చాలా సంతోషం కలిగించింది.

ప్రస్తుతం నా పని రిస్క్-ఫైవ్ మీద సాగుతోంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13తో 64 బిట్ల రిస్క్-ఫైవ్ అధికారిక ఆర్కిటెక్చర్ల జాబితాలో చేరింది కాబట్టి, మా రాత్రి బిల్డులలోకి దాన్ని తెచ్చాం. పూర్ణాంకాన్ని సున్నాతో భాగించినప్పుడు ఎక్స్86 ప్రోగ్రామును సిగ్నల్‌తో ఆపేస్తుంది, ఆర్మ్ 64 బిట్లు సున్నా ఇస్తుంది, రిస్క్-ఫైవ్ బిట్లన్నీ 1గా ఉన్న విలువ ఇస్తుంది. సిగ్నల్ వస్తుందని ఆశించే మా టెస్టు ఒకటి ఈ కారణంగానే విఫలమైంది. భాగహారానికి ముందే సున్నాను పరిశీలించి ఎర్రర్ కోడ్ ఇచ్చే ప్యాచ్ ఇప్పుడు సమీక్షలో ఉంది. అది చేరాక రిస్క్-ఫైవ్ పక్కన తన పేరు రాసుకుంటానని మరొకరు ముందుకు వచ్చారు, ఆ ఫైలులో మార్పు కూడా అదే ప్యాచ్ వరుసలో పంపాను.